అరికాలి గట్లు, చాళ్లు

చర్మవైద్యము వృత్తిగా జీవించుచున్న నేను, రోగి యే బాధతో వచ్చినను, అతడు లేచి పోవుటకు పూర్వము ఒక్కసారి చెప్పులు విడువుమని కోరుట అలవాటు చేసికొంటిని. దురద మెడమీద నుండగా ఈ డాక్టరు కాళ్లేల చూచునని కొందరు విస్తుపోవుదురు. మెలనోమా యను దారుణమైన చర్మపు క్యాన్సరు ఆస్ట్రేలియాలోని తెల్లని మేనివారికి ఎండ సోకిన వీపునను పిక్కలను తరచుగా పొడసూపుచుండగా, మనబోటి చామనచాయవారికి అరుదుగానే వచ్చును. కాని వచ్చినప్పుడు మాత్రము ఎక్కువగా ఎండ కన్నెరుగని అరికాలిలోను, అరచేతిలోను, గోటిక్రిందను దాగియుండును.

దానిని పట్టి యిచ్చు డెర్మటోస్కోపు, పది రెట్లు పెద్దదిగా చూపు కటకమును చుట్టు చిన్న దీపములును గల చేతి పరికరము మాత్రమే. కొంచెము జెల్ రాచి ఆనించినచో చర్మముపై మెరుపు అణగి లోని వర్ణము తేటపడును. దున్నిన చేనివలె అరికాలినిండ గట్లును చాళ్లును సాగిపోవుచుండును. గట్లపై స్వేదరంధ్రములు తెల్లని చుక్కలై వరుసదీరి యుండును. నిరపాయమైన పుట్టుమచ్చలోని నలుపు సాధారణముగా చాళ్ల వెంబడి సన్నని గీతలై పారును. మెలనోమా నలుపు గట్లనెక్కి వెడల్పు పట్టీలై పరచుకొనును. జపాను వైద్యుడు తొషియాకి సైదాయు ఆయన సహచరులును ఓపికతో నిరూపించిన యీ భేదమును మించిన ఉపకారము మన పాదములకు మరి యే పరిశోధనయు చేయలేదని నా విశ్వాసము.

అయినను చిత్రము నొక్కదానినే నమ్మరాదు. కమిలిన నెత్తురును, కొన్ని రంగుల మరకలును గట్లమీదనే నిలిచి భ్రాంతి గొలుపును. "ముల్లు విరిగిన చోటండీ, అప్పట్నుంచీ నలుపే" అని ఒక వ్యవసాయ కూలీ వృద్ధురాలు మడమ చూపినప్పుడు, బ్లేడుతో పైపొరను మెల్లగా గీకి చూచితిని. ఎండిన నెత్తురైనచో పొట్టుతో రాలిపోవలసిన ఆ నలుపు చెక్కుచెదరలేదు. ముక్క పరీక్షలో మెలనోమాయే యని తేలినను, దాని మందము ఒక మిల్లీమీటరు లోపే యుండెను. 1970లో అలెగ్జాండర్ బ్రెస్లో చూపినట్లు, రోగి భవితవ్యమును ప్రధానముగా నిర్ణయించునది ఆ మందమే గనుక, ఆమెతో ధైర్యముగా మాటాడగలిగితిని.

నేడు కంప్యూటర్లకును ఈ విద్య నేర్పుచున్నారు. 2018లో వియన్నా, క్వీన్స్‌లాండ్‌ల నుండి కూర్చిన పదివేల పైచిలుకు చిత్రముల సంపుటితో ఎన్నో యంత్రములు ఓనమాలు దిద్దినవి. అందు మన అరికాళ్లను వెదకి పట్టుట కష్టము. చూడని పాదమును యంత్రము మాత్ర మెట్లు గుర్తించును? ఆ చిత్రములు మన ఆసుపత్రులనుండియే పోగుపడవలెను.

మధుమేహ రోగుల పాదములకు స్పర్శ పరీక్ష చేయు ప్రాథమిక ఆరోగ్య కేంద్రముల వైద్యులకును నర్సులకును నా విన్నపము: ఆ సమయముననే అరికాలిలో నల్లమచ్చ కంటబడినచో, ప్రక్కన స్కేలుంచి ఫోటో తీసి, తేదీ వేసి, చర్మవైద్యునికి పంపుడు. పెద్దవయసున క్రొత్తగా పుట్టి ఏడు మిల్లీమీటర్లు దాటినదైనచో, ఫోటోతోపాటు రోగిని గూడ పంపుడు.