ఓపిక లెక్క

కీమో ఎక్కించుకున్న మనిషిని ఆ సాయంత్రం చూస్తే ఏమీ తెలియదు. మూడో రోజో నాలుగో రోజో చూడాలి. ఆస్పత్రి నుంచి ఇంటికొచ్చిన పూట చాలామంది బాగానే ఉంటారు. కబుర్లు చెబుతారు, అన్నం అడిగి పెట్టించుకుంటారు, రాత్రి నిద్ర పట్టక తిరిగే ఫ్యాను వైపు చూస్తూ పడుకుంటారు. "చూశావా, ఏం కాలేదు" అని ఇంట్లోవాళ్లు తేలికపడతారు. ఆ హుషారులో సగం డెక్సామెథసోన్‌ది. వాంతులు కాకుండా, మందు పడక ఒళ్లు తిరగబడకుండా చాలా రకాల కీమోతో పాటు ఇచ్చే స్టెరాయిడ్ అది. దాని ఊపు దిగాక అసలు సంగతి మొదలవుతుంది. బాత్రూమ్ దాకా వెళ్లొచ్చి మంచం అంచున కూర్చుంటే, కాళ్లు పైకి పెట్టుకోవడానికి కూడా కాసేపు ఆగాల్సి వస్తుంది.

పడుకుంటే తీరే నీరసం కాదిది. చేసిన పనికీ వచ్చిన అలసటకూ పొంతనే ఉండదు. కీమో ఎముకల మూలుగను దెబ్బతీస్తుంది కాబట్టి హిమోగ్లోబిన్ పడిపోతుంది. నిద్ర చెడుతుంది, నోటికి రుచి పోతుంది, నొప్పి, దిగులు తోడవుతాయి. ఒక్కో కీమో విడత, అంటే సైకిల్, అయిన తర్వాత కొద్ది రోజులు గడ్డుగా గడిచి మెల్లగా తేరుకుంటారు. తేరుకున్నామని అనుకునేసరికి తర్వాతి తేదీ వచ్చేస్తుంది.

ఈ కీమో కథతో తెలుగువాళ్లకు ఒక చుట్టరికం ఉంది. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్‌తో కలిసి కండరాల శక్తి గుట్టు వెతికారు. 1927లో ఫాస్ఫోక్రియాటిన్, 1929లో ఏటీపీ. మనం చెయ్యి ఎత్తినా, మెట్టు ఎక్కినా ఖర్చయ్యేది ఆ ఏటీపీయే. తర్వాత లెడర్లే మందుల కంపెనీ ప్రయోగశాలలో ఆయన బృందం ఫోలిక్ యాసిడ్‌ను తయారుచేసింది, దానికి అడ్డుపడే అమినోప్టెరిన్‌నూ తయారుచేసింది. ఆ అమినోప్టెరిన్‌తోనే బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ రక్తక్యాన్సర్ పిల్లలకు వైద్యం చేసి, కొంతమందిలో జబ్బు తాత్కాలికంగా వెనక్కి తగ్గిందని 1948 జూన్‌లో ప్రకటించారు. ఆ ఆగస్టులోనే సుబ్బారావు కన్నుమూశారు. అదే బృందం ఇచ్చిన మెథోట్రెక్సేట్ ఇప్పటికీ వాడుకలో ఉంది. ఒంటికి సత్తువ ఎక్కడి నుంచి వస్తుందో వెతికిన మనిషి చేతి మీదుగానే సత్తువను తోడేసే వైద్యానికీ దారి పడింది. పాఠ్యపుస్తకాల్లో ఆయన గురించి ఉండే రెండు ముక్కల్లో ఈ సంగతి ఎందుకు చేర్చరో అర్థం కాదు.

ఇక మన హైదరాబాద్ సంగతికి వస్తే, అల్వాల్ నుంచి బయల్దేరిన రోగి ఓపిక ఆస్పత్రికి చేరకముందే సగం కరిగిపోతుంది. 1955 నాటి ఎంఎన్‌జే క్యాన్సర్ ఆస్పత్రి రెడ్ హిల్స్‌లో ఉంది, 2000లో మొదలైన బసవతారకం క్యాన్సర్ ఆస్పత్రి బంజారా హిల్స్‌లో ఉంది. ఎటు వెళ్లాలన్నా లోతుకుంట, తిరుమలగిరి, కార్ఖానా దాటి ప్యారడైజ్ దాకా రాజీవ్ రహదారి ట్రాఫిక్‌లో పడాలి. 2023 ఏప్రిల్ నుంచి మేడ్చల్ దాకా ఎంఎంటీఎస్ లోకల్ రైలు నడుస్తోంది, అల్వాల్‌లో ఆగుతుంది, కానీ ఆస్పత్రి వేళకు రైలు కుదరాలి కదా. ఇంత దూరం వెళ్లాక "రక్తకణాల కౌంట్స్ తక్కువున్నాయి, వచ్చే వారం రండి" అంటే ఆ రోజూ పోయింది, మర్నాడూ పోయింది. అందుకే తెలిసినవాళ్లు డాక్టరును అడిగి ముందురోజే ఇంటి దగ్గరి ల్యాబ్‌లో రక్తపరీక్ష చేయించుకుని, రిపోర్టు ఫోన్లో పంపి, రమ్మంటేనే బయల్దేరతారు.

పాత అల్వాల్‌లో ఉండే ఒక రిటైర్డ్ టీచరమ్మ చేసిన పని ఈ కాలమ్ రాయడానికి కారణం. వంటింటి గోడకు వేలాడే తెలుగు క్యాలెండర్లో తిథి, నక్షత్రం పక్కన రోజూ పెన్సిల్‌తో ఒక అంకె వేసేవారు. సున్నా అంటే నీరసం లేదు, పది అంటే మంచం దిగలేని రోజు. వైద్యులు వాడే కొలతే ఇది. నాలుగుకు చేరితే మామూలుగా తీసుకోకూడదు, ఏడు నుంచి తీవ్రమైనదే. రెండు సైకిళ్లయ్యేసరికి ఆమెకు గడ్డురోజులు ఏవో ముందే తెలిసిపోయాయి. ఆ రోజులకు పనేదీ పెట్టుకోలేదు. మిగతా రోజుల్లో కూడా నల్లా రాని రోజు డ్రమ్ములో నీళ్లు వాడుకున్నట్టు ఓపికను వాడుకున్నారు. తలస్నానం చేసిన పూట వంట లేదు. వంట ఉన్న పూట స్నానం ప్లాస్టిక్ స్టూలు మీద కూర్చునే. కూరలు తరగడం, చింతపండు పిసకడం అన్నీ డైనింగ్ టేబుల్ దగ్గరే. స్టవ్ దగ్గర నిలబడేది పోపు వేసేందుకు మాత్రమే.

ఇవన్నీ కుదిరాయి గానీ, పరామర్శలు మాత్రం ఆపలేకపోయారు.

మన ఇళ్లలో క్యాన్సర్ రోగి ఓపికను ఎక్కువగా తినేది చూడవచ్చేవాళ్లేనని ఈ కాలమ్‌కు గట్టి అనుమానం. ఆదివారం పదకొండుకు యాపిల్ పళ్లతో నలుగురొస్తారు. రోగి లేచి కూర్చోవాలి, స్కార్ఫ్ సర్దుకోవాలి, కథంతా మొదటి నుంచి చెప్పాలి. వాళ్లు తమకు తెలిసిన క్యాన్సర్ కథలు చెబుతారు, వాటిలో సగం చావుతోనే ముగుస్తాయి. బొప్పాయాకు రసం తాగమని ఒకరు, బీట్‌రూట్ అని ఒకరు. వెళ్లేటప్పుడు "బాగా రెస్ట్ తీసుకో వదినా" అంటారు. తెల్లకణాలు తగ్గిన రోజుల్లో ఇన్ఫెక్షన్ భయం ఇంకో పక్క. టీచరమ్మ కొడుకు చివరికి కుటుంబ వాట్సాప్ గ్రూపులో మర్యాదగానే రాశాడు: "అమ్మను చూడాలనుకునేవాళ్లు ముందు నాకు ఫోన్ చేయండి, జలుబుంటే రావద్దు, వచ్చేటప్పుడు పళ్లకు బదులు రాత్రికి కూర పట్టుకురండి." ఒకరిద్దరు అలిగారు. కూరలు మాత్రం వచ్చాయి.

విశ్రాంతి మంచిదే, కానీ రోజంతా మంచానికే అతుక్కుపోతే కండ కరిగి నీరసం ఇంకా పెరుగుతుంది. 113 అధ్యయనాల్లో పాల్గొన్న పదకొండు వేల మందికి పైగా రోగుల వివరాలు క్రోడీకరించి 2017లో జామా ఆంకాలజీ పత్రిక ఒక విశ్లేషణ ప్రచురించింది. ఈ అలసటకు మందుల కంటే వ్యాయామం, మానసిక చికిత్స మెరుగ్గా పనిచేశాయని అందులో తేలింది. వ్యాయామం అంటే జిమ్ అక్కర్లేదు. పొద్దున్నే గుంపు లేని వేళ అపార్ట్‌మెంటు కారిడార్లో ఈ కొస నుంచి ఆ కొసకు నడిచినా చాలు. రేపు ఒక విడత ఎక్కువ. మరీ గడ్డురోజైతే మంచం చుట్టూ ఒకసారి. పగటి కునుకు అరగంట మించకుండా చూసుకుంటే రాత్రి నిద్ర పోదు. ఆయాసం, గుండె దడ, కళ్లు తిరగడం ఉంటే మాత్రం నడక కాదు, డాక్టరుకు ఫోన్ చేయాలి. జ్వరం 100.4 డిగ్రీలు తాకితే ఎంత రాత్రయినా సరే, తెల్లారేదాకా ఆగకుండా ఆస్పత్రికే పోవాలి.

కీమో అయిపోయాక ఇంకో తంటా. ఆఖరి సైకిల్‌కు స్వీట్లు పంచేస్తారు, ఇక మనిషి మామూలే అనుకుంటారు. "యువరాజ్ సింగ్‌ను చూడు" అనడం మొదలవుతుంది. నిజమే, 2012 మార్చిలో కీమో పూర్తిచేసుకున్న క్రికెటర్ యువరాజ్ సెప్టెంబరులో చెన్నైలో న్యూజిలాండ్ మీద ఆడాడు. కానీ అతను ముప్పయ్యేళ్ల అంతర్జాతీయ క్రీడాకారుడు, పక్కన ట్రైనర్లున్నారు. 2021 డిసెంబరులో తొమ్మిది కీమోలు అయ్యాయి, ఇంకా ఏడున్నాయని చెప్పిన నటి హంసానందిని మళ్లీ షూటింగ్‌కు వెళ్లింది 2022 డిసెంబరులో. కొందరికి ఈ నీరసం నెలలు, ఏళ్లు కూడా వదలదు. అలా వదలకపోతే "ఇంకా ఏంటి బద్ధకం" అనే బదులు హిమోగ్లోబిన్, థైరాయిడ్, నిద్ర, మనసు దిగులు మళ్లీ చూడమని డాక్టరును అడగాలి. వీటిలో చాలావాటికి వైద్యం ఉంది.

టీచరమ్మ ఈ మధ్య బంధువుల పెళ్లికి వెళ్లారు. ముహూర్తం వేళకు చేరి, అక్షింతలు వేసి, ఫొటో కోసం స్టేజీ ముందున్న క్యూలో నిలబడకుండా ఆటో ఎక్కేశారు. భోజనం చేయకుండా వెళ్లిపోయిందని పెళ్లివారు ఇప్పటికీ అంటున్నారట.

"అననియ్యండి," అన్నారామె. "మర్నాడు నల్లా వచ్చే రోజు. నీళ్లు పట్టుకోవద్దా?"