పుస్తకం చేతిలో పెట్టేటప్పుడు

"ఏం చదవమంటారు సార్?" అని మన పిల్లలు అడగడం ఈమధ్య పెరిగింది. సంతోషమే. కానీ జవాబు చెప్పేటప్పుడు మనం చేస్తున్న పనేమిటో చూసుకోవాలి. నాలుగు పేర్లు చెప్తాం. "తప్పక చదవాలి", "జీవితం మారిపోతుంది" అంటాం. అక్కడితో మన బాధ్యత తీరిందనుకుంటాం. కొండదారి తెలియని మనిషికి మనవాళ్ళు దారి చెప్పే పద్ధతి అది కాదు. గెడ్డ ఎక్కడ దాటాలో, ఏ బండ మీద కాలు జారుతుందో, దారి రెండుగా చీలినచోట ఏ చెట్టు గుర్తో చెప్పి పంపుతారు. పుస్తకం దగ్గరికి వచ్చేసరికి ఆ శ్రద్ధ ఎందుకో కనబడదు.

ఇంకో లోపం కూడా ఉంది. ఆదివాసీ యువకుడికి పుస్తకం చెప్పమంటే చాలామందికి రెండే రకాలు గుర్తొస్తాయి. ఒకటి పోటీ పరీక్షల గైడు, దాని పక్కనే వ్యక్తిత్వ వికాసం. రెండోది అడవి గురించి, గిరిజనుల గురించి ఎవరో రాసిన పుస్తకం. మొదటిది ఉద్యోగానికి, రెండోది ఆత్మగౌరవానికి అని లెక్క. మరి వైద్యం? చట్టం? వేరే దేశంలో వేరే మనుషుల కథ? మన పిల్లలకు అవి అక్కర్లేదని ఎవరు తేల్చారు? ఈ వ్యాసంలో కొన్ని పుస్తకాలు చెప్తాను. ప్రతిదాని దగ్గరా బండ ఎక్కడ జారుతుందో కూడా చెప్తాను.

అడవిని ప్రేమించే తెలుగు పాఠకులెవరైనా ముందు చెప్పే పేరు 'వనవాసి'. బిభూతిభూషణ్ బందోపాధ్యాయ బెంగాలీలో 1939లో ప్రచురించిన 'ఆరణ్యక్'కి సూరంపూడి సీతారాం చేసిన అనువాదం. వెన్నెల రాత్రుల అడవిని అంత ఇష్టంగా రాసిన నవల మరొకటి చూపించడం కష్టం. తెలుగు కూడా చక్కని తెలుగు. చదవండి. అయితే కథ చెప్పే మనిషి ఎవరో మర్చిపోకుండా చదవండి. సత్యచరణ్ కలకత్తాలో చదువుకుని ఉద్యోగం దొరక్క బీహారు అడవులకు వచ్చిన జమీందారీ మేనేజరు. అతని పని ఆ అడవిని ముక్కలు చేసి రైతులకు కౌలుకివ్వడం. చెట్టును చూసి పరవశించేది అతనే, ఆ చెట్టు కూలడానికి సంతకం పెట్టేదీ అతనే. రచయిత దీన్ని దాచలేదు. ఆయన స్వయంగా భాగల్‌పూర్ ప్రాంతంలో ఎస్టేటు ఉద్యోగం చేసినవాడు. నవల చివర్లో అడవికి క్షమాపణ కూడా ఉంది. కానీ మనకు ఈ పుస్తకాన్ని పరిచయం చేసేవాళ్ళు వెన్నెల గురించి పది వాక్యాలు చెప్తారు, కౌలు పట్టాల గురించి ఒక్కటీ చెప్పరు.

అందులో దోబ్రూ పన్నా అనే ముసలి రాజున్నాడు. ఒకప్పుడు ఆ కొండలన్నిటినీ ఏలిన వంశం. ఇప్పుడు పశువులు కాసుకుంటున్నాడు. ఆ ఇంటి పిల్ల భానుమతి. భారతదేశం పేరు విన్నదట గానీ అది ఏ దిక్కున ఉందో తెలియదంటుంది. మేనేజరు దాన్ని అడవిపిల్ల అమాయకత్వంగా తీసుకుంటాడు, చదివేవాళ్ళు కూడా అక్కడ ముచ్చటపడతారు. నాకు ఆ చోట ముచ్చట వేయదు. తన తాత రాజ్యం ఏ కాగితంలో ఎవరి పేరుకు మారిందో ఎవరూ చెప్పని పిల్లకు దేశం ఏ దిక్కున కనబడాలి? తరగతిలో ఈ ఒక్క సన్నివేశం మీద గంటసేపు మాట్లాడించవచ్చు.

'వనవాసి' ముగించిన వారంలోనే 'ఎవరిదీ అడవి' తెరవాలి. మహాశ్వేతాదేవి 1977లో ప్రచురించిన 'అరణ్యేర్ అధికార్'కు సహవాసి తెలుగు. మూలానికి 1979లో సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. బిర్సా ముండా రాంచీ జైలులో 1900 జూన్ 9న చనిపోయాడు. నవల ఆ చావుతోనే మొదలవుతుంది. మొదటి నవలలో అడవి అందం, ఇందులో అడవి హక్కు. ఉప్పు కోసం, అన్నం మెతుకు కోసం ముండాలు ఎంత మొహం వాచి ఉన్నారో చదువుతుంటే తిరుగుబాటు ఎందుకొచ్చిందని ఎవరూ వేరే చెప్పనక్కర్లేదు. రచయిత్రి గాలిలోంచి రాయలేదు. కుమార్ సురేశ్ సింగ్ అనే పరిశోధకుడు బిర్సా ఉద్యమం మీద చేసిన పని ఆమెకు ఆధారం. ఇక్కడ జాగ్రత్త ఏమిటంటే, బిర్సాను మనం ఫోటోకు దండ వేసే దేవుడిగా చూడటానికి అలవాటుపడ్డాం. ఉద్యమం తర్వాత 1908లో ఛోటానాగ్‌పూర్ కౌలు చట్టం వచ్చిందనీ, ఆదివాసీ భూమి బయటివాళ్ళకు పోకుండా అది అడ్డం పెట్టిందనీ చెప్పకపోతే పిల్లలకు వీరత్వం మిగులుతుంది, భూమి మిగలదు. మన కొమురం భీము మీద సాహు, అల్లం రాజయ్య కలిసి రాసిన నవలను కూడా వీటి పక్కనే పెట్టుకోవాలి.

భీము 1940లో జోడేఘాట్‌లో చనిపోయాక నిజాం ప్రభుత్వానికి గోండుల గోడు వినక తప్పలేదు. ఆ సందర్భంలో వచ్చినవాడు క్రిస్టఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్. మనకు వ్యాసాల్లో, ఉపన్యాసాల్లో ఈ పేరు వినిపించినంతగా పుస్తకాలు కనిపించవు. చెంచుల మీద 1943లో, కొండరెడ్ల మీద 1945లో, ఆదిలాబాద్ రాజ్‌గోండుల మీద 1948లో ఇంగ్లీషులో పుస్తకాలు వేశాడు. డిగ్రీ పిల్లలు భయపడకుండా చదవగల ఇంగ్లీషే. మర్లవాయిలో 1943లో గోండు టీచర్ల శిక్షణ మొదలుపెట్టి, దేవనాగరి లిపిలో గోండి వాచకాలు వేయించినవాడని టీచర్లు గుర్తుపెట్టుకోవాలి. ఆయన భార్య సమాధి కూడా మర్లవాయిలోనే ఉంది.

గౌరవం ఉండాల్సిందే. కానీ ఆ పుస్తకాన్ని ఒంటరిగా చదవకండి. నాలుగు, ఐదు, ఆరు, ఏడు దేవతల సగల గురించి ఆయన రాసింది చదివాక కిక్రి వాయించే పర్ధాను పెద్దాయన దగ్గర కూర్చోండి. ఎక్కడ కలుస్తుందో, ఎక్కడ తేడా వస్తుందో పక్కనే పెన్సిలుతో రాయండి. తేడా వచ్చినచోట పుస్తకమే గొప్పదని ముందే ఒప్పేసుకోవద్దు, పెద్దాయన చెప్పిందే నిజమని మొండికెయ్యనూ వద్దు. ఒకే కథ ఊరూరికీ మారుతుందని మనకు తెలియంది కాదు. ఆయన పుస్తకాల్లో ఒక్కటే చదివే తీరిక ఉంటే 1982లో వచ్చిన 'ట్రైబ్స్ ఆఫ్ ఇండియా: ద స్ట్రగుల్ ఫర్ సర్వైవల్' చదవమంటాను. నలభై ఏళ్ళ తర్వాత తిరిగొచ్చి, తన కాలంలో గోండులకు పట్టాలిప్పించిన భూములు మళ్ళీ ఎవరి చేతుల్లోకి పోయాయో చూసి రాసిన పుస్తకం అది. ఆచారాల పుస్తకాల కన్నా అదే ఎక్కువ పనికొస్తుంది.

పర్ధాను మాట వచ్చింది కాబట్టి 'ఏడు తరాలు'. అలెక్స్ హేలీ 1976లో అమెరికాలో వేసిన 'రూట్స్'ను కుదించి తెలుగు చేసింది కూడా సహవాసే. ఆఫ్రికాలో జుఫూరే అనే ఊరినుంచి కుంటా కింటేను పట్టుకుపోయి బానిసగా అమ్మిన దగ్గరినుంచి ఏడు తరాల కథ. హేలీ ఆ ఊరు వెళ్ళి, వంశాల కథలు నోటితో అప్పజెప్పే గ్రియో ఒకాయన నోట తన పూర్వీకుడి పేరు విన్నానని రాశాడు. పర్ధాన్లున్న మనకు ఇది వేరే దేశం కథలా అనిపించదు. తెలుగులో ఎన్నో ఇళ్ళల్లోకి వెళ్ళిన పుస్తకం, మనవాళ్ళ ఇళ్ళల్లోకీ వెళ్ళాలి. అయితే దీన్ని చెప్పేవాళ్ళు మింగేసే సంగతులు రెండున్నాయి. ఆ వంశవృక్షం రికార్డులతో కలవడం లేదని చరిత్రకారులు తర్వాత ప్రశ్నించారు. హెరాల్డ్ కోర్లాండర్ అనే రచయిత తన నవలలోని భాగాలు వాడుకున్నాడని దావా వేస్తే 1978లో హేలీ డబ్బు కట్టి రాజీ చేసుకున్నాడు. ఇవి తెలిస్తే పుస్తకం విలువ తగ్గుతుందా? నాకు తగ్గలేదు. బానిసత్వం అబద్ధం కాదు కదా. నోటిమాట చరిత్రను కాగితం మీద పెట్టేవాడు ఎంత జాగ్రత్తగా ఉండాలో మాత్రం తెలిసింది. రేపు మన తాతల కథలు రాయబోయే పిల్లలకు ఆ జాగ్రత్త ఇప్పుడే తెలియాలి.

ఇక మన జాబితాల్లో ఎప్పుడూ ఉండని పుస్తకం ఒకటుంది. 'వైద్యుడు లేని చోట'. డేవిడ్ వెర్నర్ మెక్సికో కొండ గ్రామాల్లో పనిచేస్తూ అక్కడి జనం కోసం ముందు స్పానిష్‌లో రాసింది. హైదరాబాద్ బుక్ ట్రస్ట్ తెలుగులో తెచ్చింది. డోలీ మోసిన ఊరివాళ్ళకు ఈ పుస్తకం పేరే సగం సంగతి చెప్తుంది. విరేచనాలు పట్టిన పిల్లవాడికి ఏం తాగించాలి, పాము కరిస్తే ఏం చెయ్యకూడదు, ఏ లక్షణం కనబడితే ఇక ఆగకుండా ఆసుపత్రికి మోసుకెళ్ళాలి అన్నీ బొమ్మలతో ఉంటాయి. నాకు నచ్చింది ఇంకొకటి. ఇంటి వైద్యాన్ని వెక్కిరించదు, నెత్తిన పెట్టుకోదు. పనిచేసేదేది, హాని చేసేదేది అని విడదీసి చూపిస్తుంది. మన ఆకుపసర్ల గురించి మనం రాసే వ్యాసాల్లో ఈ నిదానం కనబడదు, పొగడ్తే కనబడుతుంది. పాత ముద్రణ దొరికితే మాత్రం మందుల పేజీలను నమ్ముకోవద్దు. మలేరియానే తీసుకోండి, క్లోరోక్విన్‌కు లొంగని ఫాల్సిపారం వచ్చాక ప్రభుత్వం ఆ రకానికి మందే మార్చింది. ఆ పేజీలు ఏఎన్ఎమ్ అమ్మకు చూపించి దిద్దించుకోండి.

చట్టం చదవమంటే నవ్వుతారు. అటవీ హక్కుల చట్టం, 2006లో ఉన్నవి పద్నాలుగు సెక్షన్లు. ఏ చిన్న నవలైనా దానికన్నా పెద్దది. ఆరో సెక్షన్ ప్రకారం హక్కు నిర్ణయించే పని గ్రామసభ దగ్గర మొదలవ్వాలి. దానికింద 2008లో చేసిన నియమాల్లో పదమూడోది చూడండి. హక్కుకు సాక్ష్యాల వరసలో, దరఖాస్తుదారు కాని పెద్దలు చెప్పిన మాట రాసిపెడితే అదీ ఒకటి. నేను చదివిన ప్రభుత్వ కాగితాల్లో మన ముసలివాళ్ళ జ్ఞాపకానికి ఇంత విలువ ఇచ్చిన వాక్యం తక్కువ. అలాగే 1/70 అని మనం రోజూ అనే భూబదలాయింపు నిబంధన. ఏజెన్సీలో గిరిజనేతరుడి చేతిలో ఉన్న భూమి గిరిజనుడి దగ్గరినుంచి వచ్చిందనే అనుకోవాలి, కాదని అతనే రుజువు చేసుకోవాలి అని అందులో ఉంది. ఈ ఒక్క ముక్క తెలియక ఎంతమంది చేతులు కట్టుకుని నిలబడ్డారో. 1997లో సుప్రీంకోర్టు ఇచ్చిన సమత తీర్పు తర్వాతి మెట్టు. అది పెద్దది, లాయరు చదువు చదివే తమ్ముళ్ళు మిగతావాళ్ళకు చెప్పాలి. చట్టం భాష ఎండుకట్టెలా ఉంటుందని నాకూ తెలుసు. ముగ్గురు నలుగురు కూర్చుని గట్టిగా చదువుకుంటే నడుస్తుంది.

ఉపాధ్యాయులకు చాలామంది గిజుభాయి 'దివాస్వప్న' చెప్తారు. మంచి పుస్తకం. పాఠం పక్కన పెట్టి కథతో మొదలుపెట్టిన మాస్టారి ప్రయోగం. అయితే అక్కడి మాస్టారూ పిల్లలూ ఒకే గుజరాతీ మాట్లాడతారు. కువిలో, సవరలో, గోండిలో కలలు కనే పిల్లల ముందు తెలుగు కథ ఎత్తుకుంటే ఆ ప్రయోగం మొదటిరోజే ఆగుతుంది. ఉమ్మడి రాష్ట్రంలో 2004లో ఎనిమిది గిరిజన భాషల్లో మాతృభాషా బోధన మొదలైంది, తెలుగు లిపిలో వాచకాలు వచ్చాయి. మీ బడి బీరువాలో అడుగున అవి ఉంటే 'దివాస్వప్న' కన్నా ముందు వాటిని పైకి తీయండి. వాడ్రేవు చినవీరభద్రుడి 'కొన్ని కలలు, కొన్ని మెలకువలు' గిరిజన విద్యలో పనిచేసిన అధికారి రాసింది. ఆఫీసు వైపునుంచి చూసిన చూపు. మన వైపునుంచి అలాంటి పుస్తకం రాసిన టీచరు ఇంకా నాకు తగల్లేదు.

చివరికి మనవాళ్ళ పుస్తకాలు. 'మనవాడు రాశాడు, కొనండి' అనే సిఫారసు వాళ్ళకు మేలు చెయ్యదు. రమేశ్ కార్తీక్ నాయక్ 'ధావ్లో'కు 2024లో సాహిత్య అకాడమీ యువ పురస్కారం వచ్చింది, అందరం సంబరపడ్డాం. సంబరంలో ఆ కథల గురించి మాట్లాడినవాళ్ళు తక్కువ. గోర్ బంజారా ఇళ్ళల్లో పెళ్ళికూతురు ఏడుస్తూ పాడే పాట పేరు ఆ పుస్తకానికి పేరైంది. తండా మాటలు కథల్లో దొర్లుతుంటే బయటి పాఠకులు 'అర్థం కాలేదు' అంటారు. మల్లిపురం జగదీశ్ 'శిలకోల' కథలకూ ఉత్తరాంధ్ర కొండల పలుకు ఉంది. ఒక తప్పు కూడా చెప్పాలి. మన కథల్లో చాలావాటిలో మోసపోయేవాడు ఆదివాసీ, మోసగాడు షావుకారు, ఇద్దరికీ ఆ పని తప్ప వేరే లోపల లేదు. ఈ ఇద్దరు రచయితలూ ఆ మూసలో ఎక్కడ పడ్డారో, ఎక్కడ తప్పించుకున్నారో మన పిల్లలే తేల్చాలి. తరగతిలో చదివించేటప్పుడు తెలియని మాట ఎదురైతే టీచరు నిఘంటువు వెతకక్కర్లేదు. వెనక బెంచీలో కూర్చున్న తండా పిల్లనో, కొండ మీది ఊరినుంచి వచ్చిన పిల్లవాడినో లేపి అడిగితే చాలు.