బొమ్మ కింద పేరు ఉంటే చాలునా?

మా మనవరాలికి మూడేండ్లు. హోసూరు అంగళ్లలో తెలుగు బొమ్మల పుస్తకం దొరక్క, బెంగళూరు నుంచి ఒకటి తెచ్చుకున్నాం. అట్ట గట్టిది, రంగులు బాగున్నాయి, బిడ్డ చింపనూ లేదు. అంతవరకు మెచ్చుకోవాల్సిందే. కానీ బ్యాంకులో ముప్ఫై ఏండ్లు లెడ్జర్లు చూసినవాణ్ని, లెక్కపెట్టకుండా ఉండలేను. వంద బొమ్మలు, వంద మాటలు. అన్నీ పేర్లే. పనిని చెప్పే మాట ఒక్కటీ లేదు.

ఇది ఆ ఒక్క పుస్తకం జబ్బు కాదు. గోడకు తగిలించే అక్షరాల చార్టుదీ ఇదే వరస: అ అమ్మ, ఆ ఆవు, ఋ ఋషి. మూడేండ్ల బిడ్డకు ఋషితో ఏం పనో ఎవరూ అడగరు.

వంటింట్లోకి వచ్చి చూడండి. మిరపకాయలు దంచుతాం, పచ్చడి నూరుతాం, ఇడ్లీపిండి రుబ్బుతాం, రాగులు ఇసుర్రాయిలో ఇసురుతాం, చాటతో చెరుగుతాం, జల్లెడతో జల్లిస్తాం. ఆరు పనులు, ఆరు మాటలు. మిక్సీ వచ్చినాక వీటిలో సగం 'మిక్సీకి వేయడం' అయిపోయాయి. పుస్తకంలో రోలు బొమ్మ ఉంది, రోట్లో ఏం చేస్తారో లేదు. ఖాతా తెరిచి లావాదేవీ లేనట్టే. బిడ్డ వేలు పెట్టి 'రోలు' అంటుంది, మనం చప్పట్లు కొడతాం, ఆ మాటకు మళ్లీ పని ఉండదు. అదే చిన్న రోట్లో బెల్లం వేసి, "నువ్వు దంచు, నేను నూరతా" అని పక్కన కూర్చోబెడితే రెండు మాటలకూ తేడా చేతికే తెలుస్తుంది.

ఇక పేర్లయినా ఎవరివి? గేదె, నాగలి, ఉల్లిపాయ, బంగాళాదుంప. మా ఇంట్లో ఎనుము, మడక, ఎర్రగడ్డ, ఉర్లగడ్డ. ఒక వస్తువుకు రెండు మాటలు నేర్చుకోవడం బిడ్డకు బరువు కాదు. తమిళం, కన్నడం చెవిన పడుతూ పెరిగే మన పిల్లలకు అసలే కాదు. చిక్కు ఎక్కడంటే, అచ్చులో ఉన్నదే రైటు అనిపించడం. "అవ్వా, ఎనుము కాదు, గేదె" అనింది మనవరాలు. అందరూ నవ్వారు, నాకు నవ్వు రాలేదు. ఆ పొద్దు నుంచి మా ఇంటామె బిడ్డతో మాట్లాడేటప్పుడు తడుముకుంటోంది. ఇంట్లో బిడ్డతో ఎక్కువ మాట్లాడేది ఆమే. ఆమె మాట తగ్గితే వంద బొమ్మలు ఆ లోటు పూడ్చవు.

మనకు ఇది ఇంకా ముఖ్యం. 2006 చట్టంతో తమిళనాడు బడుల్లో తమిళం ఒకటో తరగతి నుంచి ఏటికో తరగతి చొప్పున తప్పనిసరి అవుతూ వచ్చింది. తమిళం రావాల్సిందే, నేనూ నేర్చుకున్నాను. కానీ బడిలో తెలుగుకు చోటు తగ్గేకొద్దీ ఆ పని ఇంటి మీద పడింది.

ఇంటి మాటను తప్పనే హక్కు ఎవరికీ లేదని పెద్దలు ఎప్పుడో చూపించారు. 1962లో భద్రిరాజు కృష్ణమూర్తి గారి సంపాదకత్వంలో వచ్చిన మాండలిక వృత్తిపదకోశం మొదటి సంపుటం అంతా సేద్యం మాటలే. ఒకే పనిముట్టుకు జిల్లాజిల్లాకు వేరే పేరు, అన్నీ పక్కపక్కన. అది ఆంధ్ర జిల్లాలకే ఆగింది, మన ఊళ్ల దాకా రాలేదు, అది వేరే సంగతి.

స.వెం. రమేశ్ గారి 'ప్రళయకావేరి కథలు' చదివినవాళ్లకు ఇంకో దారి కనిపిస్తుంది. పులికాట్ చెరువు పక్కన చేపలు, పిట్టలు, ఆటల పేర్లు పట్టికలా కాక, జరిగే పనిలో కలిసి వస్తాయి. అయితే అవి పెద్దలు చదివే కతలు. మూడేండ్ల బిడ్డకు అంత అక్కర్లేదు. రాగి సంగటి చాలు: ఎసరు కాగడం, పిండి పోయడం, తెడ్డుతో గెలకడం, ముద్ద చేయడం, ఊదుకుంటూ తినడం. ఐదు పేజీలు, ఐదు బొమ్మలు, మన ఇంటి మాటల్లో. వంద బొమ్మల అచ్చు ఖర్చుతో అలాంటివి ఎన్నో వేయొచ్చు.