గీత పక్కన నోటుబుక్కు

ఫుట్‌బాల్ కోచ్ అనగానే కేకలు గుర్తొస్తాయి. చేతులు తిప్పడం, నీళ్ల సీసాను తన్నడం, రిఫరీ మీద విరుచుకుపడటం. జపాన్ జట్టు ఆడేటప్పుడు కెమెరా మైదానం గీత వైపు తిరిగితే కనిపించేది వేరు. సూటు వేసుకున్న పెద్దమనిషి ఒకడు చిన్న నోటుబుక్కు తెరిచి గబగబా ఏదో రాసుకుంటూ ఉంటాడు, హోంవర్కు మిగిలిపోయిన పిల్లాడిలా.

ఆయన హజిమె మొరియాసు. 2018 నుంచి జపాన్ జట్టుకు కోచ్.

ఏం రాస్తాడన్నది ఈ కాలమిస్టును చాలాకాలంగా వదలని ప్రశ్న. పేజీలో ఏముందో మనకు కనిపించదు. ఆటను గమనించే ఆ చూపు ఎక్కడ అలవడిందో మాత్రం చెప్పొచ్చు. మొరియాసు ఆడింది డిఫెన్స్‌కు ముందు, మైదానం నట్టనడుమ. ఎదుటివాడి పాస్ ఎక్కడికి వస్తుందో ముందే పసిగట్టి అక్కడికి చేరడం, బంతి దొరికితే పక్కవాడికి అందించి మళ్లీ కాపలాకు వెళ్లడం ఆయన పని. జపాన్ తరఫున 35 మ్యాచ్‌లు, ఒకే ఒక్క గోల్. పోస్టర్ల మీదికెక్కే లెక్క కాదిది.

నాగసాకిలో పెరిగి, 1987లో హిరోషిమాలోని మాజ్దా కంపెనీ జట్టులో చేరాడు. 1992లో జాతీయ జట్టు కోచ్, డచ్ దేశస్థుడు హాన్స్ ఊఫ్ట్ పిలిచినప్పుడు ఈ కుర్రాడెవరో చాలామందికి తెలియదు. పేరులోని మూడు అక్షరాల్లో ఇంటిపేరు ఎక్కడ ముగుస్తుందో కూడా అర్థం కాలేదట! మరుసటి ఏడాది ప్రొఫెషనల్ లీగ్ మొదలయ్యేసరికి మాజ్దా జట్టు సాన్‌ఫ్రెచ్చె హిరోషిమా అయింది.

1993 అక్టోబర్ 28, దోహా. ఇరాక్ మీద 2-1 ఆధిక్యం. ఇంకొద్ది సేపు కాచుకుంటే జపాన్‌కు మొట్టమొదటి ప్రపంచకప్ బెర్తు. ఆఖరి క్షణాల్లో ఇరాక్ కార్నర్‌ను పొట్టిగా ఆడింది, క్రాస్ వచ్చింది, తలతో కొట్టిన బంతి వలలో పడింది. 2-2. ఆ బెర్తు గోల్స్ తేడాతో దక్షిణ కొరియాకు పోయింది. మైదానంలో కూలబడ్డవాళ్లలో మొరియాసు ఒకడు. ఆ సాయంత్రాన్ని జపాన్‌లో ఇప్పటికీ ‘దోహా విషాదం’ అనే అంటారు.

ఆట మానేశాక ఆయన వెంటనే పెద్ద కుర్చీ ఎక్కలేదు, కొన్నేళ్లు ఇతరుల కింద పనిచేశాడు. 2012లో సొంత క్లబ్ హిరోషిమా పగ్గాలు చేతికొచ్చాయి. ఇక్కడే ఆయన పనితనం బాగా కనిపిస్తుంది. కొత్త కోచ్‌లు చాలామంది పాతదాన్ని కూల్చి తమ ముద్ర వేయాలని చూస్తారు. మొరియాసు, తన ముందున్న మిహైలో పెట్రోవిచ్ నేర్పిన దాడి పద్ధతిని అలాగే ఉంచి, వెనక వైపు కన్నాలు పూడ్చాడు. అదే ఏడాది లీగ్ టైటిల్, మళ్లీ 2013లో, మళ్లీ 2015లో. మొరివాకి, నిషికావా వరసగా ఉరావా జట్టుకు వెళ్లిపోతున్న కాలంలో సాధించిన టైటిళ్లవి. 2017లో జట్టు అట్టడుక్కి జారితే సీజన్ మధ్యలో తప్పుకున్నాడు.

2022 ప్రపంచకప్‌లో మళ్లీ దోహా. జర్మనీతో మొదటి సగంలో జపాన్ ఉక్కిరిబిక్కిరైంది, ఒక గోల్ వెనకబడింది. హాఫ్‌టైమ్‌లో కుబోను తీసి డిఫెండర్ తోమియాసును దింపాడు. వెనకబడ్డవాడు డిఫెండర్ని దింపడమేమిటని టీవీ ముందు ఈ కాలమిస్టు గొణుక్కున్న మాట నిజం. వెనక ముగ్గురు కుదురుకోవడంతో రెండు రెక్కలకూ స్వేచ్ఛ వచ్చింది. తర్వాత వరసగా దాడి చేసేవాళ్లను దించాడు. 75వ నిమిషంలో మితోమా బంతి అందించాడు, మినామినో కొట్టాడు, గోల్‌కీపర్ నోయర్ తోసేశాడు, దోవాన్ వలలోకి పంపాడు. ముగ్గురూ సబ్‌స్టిట్యూట్లే. రెండో గోల్ కొట్టిన అసానో కూడా. స్పెయిన్‌నూ అలాగే, ఒక గోల్ వెనకబడి 2-1తో ఓడించారు. ఆ మ్యాచ్ చివరి నిమిషంలో 1993 గుర్తొచ్చిందని మొరియాసు తర్వాత చెప్పాడు.

ఆయన చేసిందల్లా ఒప్పేనని కాదు. ఆ రెండు గెలుపుల మధ్య కోస్టారికా చేతిలో ఓటమి ఉంది. క్రొయేషియాతో నాకౌట్ పెనాల్టీల దాకా వెళితే, ఎవరు కొడతారో ఆయన నిర్ణయించలేదు, ముందుకు రమ్మని ఆటగాళ్లకే వదిలేశాడు. కాసేపు ఎవరూ కదల్లేదు. చివరికి మినామినో చెయ్యెత్తాడు. అతని షాట్‌ను గోల్‌కీపర్ లివాకోవిచ్ ఆపేశాడు, తర్వాత మితోమాదీ, యోషిదాదీ. తనను నమ్మిన కుర్రాళ్లను నమ్మడం మంచిదే కావచ్చు. కానీ ఆ క్షణంలో బరువు మోయాల్సింది కోచే, నోటుబుక్కులో అయిదు పేర్లు ముందే ఉండాల్సింది. జపాన్‌లో విమర్శలూ వచ్చాయి. అయినా ఫుట్‌బాల్ సంఘం ఆయన్నే కొనసాగించింది.

2025 అక్టోబర్ 14న టోక్యోలో బ్రెజిల్‌తో స్నేహపూర్వక మ్యాచ్. హాఫ్‌టైమ్‌కు 0-2. రెండో సగంలో మూడు గోల్స్ కొట్టి 3-2తో గెలిచారు. బ్రెజిల్ మీద జపాన్ సీనియర్ పురుషుల జట్టుకు అదే మొట్టమొదటి గెలుపు. ఆ మూడింట్లో తొలి గోల్ మినామినోది.