కువైట్‌కు పోయే ఊరి సిమ్ము

కువైట్ ప్రయాణానికి ఏమేం సర్దుకోవాలో చెప్పడానికి మా కడప జిల్లా వేంపల్లెలో ప్రతి వీధిలో ఒకరుంటారు. పాస్‌పోర్టు, వీసా కాగితం, మెడికల్ రిపోర్టు, చెనక్కాయల పొడి, ఊరగాయ. మద్రాసు విమానాశ్రయానికి బండి మాట్లాడటం దాకా అన్నీ ఒకటికి రెండుసార్లు చూసుకుంటారు. ఫోనులో ఉన్న ఊరి సిమ్మును ఏం చేయాలన్నది మాత్రం చివరి రోజు దాకా ఎవరికీ తట్టదు. తట్టినా అందరిదీ ఒకటే జవాబు: ఇంట్లో ఎవరికో ఒకరికి ఇచ్చిపోవడం. ఆ జవాబు మారాలని నా కోరిక. ప్రయాణం పెట్టుకున్న బంధువుల, ఇరుగుపొరుగుల ఫోన్లు ముందేసుకుని కూర్చోవడం కొన్నేళ్లుగా నాకు అలవాటు. ఆ పని చేసేకొద్దీ ఈ విషయంలో నా పట్టుదల పెరుగుతూనే ఉంది.

"సిమ్ము ఎవరికిచ్చి పోతాండావు వదినా?" అని మొన్న ఒకామెను అడిగాను.

"పిల్లోళ్ల నాయన కాడ పెట్టిపోతా. ఆడ ఇది పలకదంట గదా. బ్యాంకు మెసేజీలు వస్తే ఆయనే చూసుకుంటాడు."

"మరి జీతం ఎవరి ఖాతాకు పంపుతావు?"

"నా ఖాతాకే."

ఖాతా ఆమెది. ఆధార్ ఆమెది, పొదుపు సంఘం అప్పు ఆమె పేరు మీదే, తాకట్టు పెట్టిన బంగారమూ ఆమెదే. వీటన్నిటికీ తాళం చెవి ఆ పది అంకెల నెంబరు. మన దేశంలో కార్డుతో ఆన్‌లైన్ చెల్లింపులకు రెండో ధ్రువీకరణ ఉండాలని రిజర్వు బ్యాంకు 2009లో నిబంధన పెట్టింది. ఆ రెండో ధ్రువీకరణ జనం చేతికి ఎక్కువగా ఓటీపీ మెసేజిగానే వచ్చింది. తర్వాత ఆధార్, పింఛను, పాసుపుస్తకం, గ్యాసు బుకింగు, ఒక్కొక్కటీ ఆ దారిలోకే వచ్చి చేరాయి. నెంబరు ఎవరి చేతిలో ఉంటే ఆ ఖాతా దాదాపు వాళ్లదే. భర్త మీద అనుమానంతో ఈ మాట అనడం లేదు. ఎండల్లో, పరాయి ఇంట్లో ఒళ్లొంచి సంపాదించిన డబ్బు మీద సంపాదించిన మనిషికే పట్టు ఉండాలని అంటున్నాను.

"ఆడ పలకదు" అనే మాట దగ్గరే అసలు చిక్కు. రోమింగ్ ప్యాకు వేరు, రోమింగ్ సౌకర్యం వేరు. ప్యాకు అంటే డబ్బు కట్టి కొనే నిమిషాలు, డేటా. సౌకర్యం అంటే మన సిమ్ము పరాయి దేశపు నెట్‌వర్కులో తన పేరు నమోదు చేసుకోవడానికి కంపెనీ ఇచ్చే అనుమతి. మెసేజి అందుకోవడానికి ఈ అనుమతే ముఖ్యం. మనకు ఎవరైనా మెసేజి పంపితే అది ముందు కంపెనీ వారి మెసేజి కేంద్రానికి చేరుతుంది. ఈ సిమ్ము ఇప్పుడు ఎక్కడుందని ఆ కేంద్రం కంపెనీ రిజిస్టరును అడుగుతుంది. కువైట్‌లో ఫలానా నెట్‌వర్కులో ఉందని జవాబు వస్తే మెసేజి అక్కడికి పోతుంది. ఇంటర్‌నెట్ అక్కర్లేదు. జవాబు రాకపోతే మెసేజి కేంద్రంలోనే ఆగి ఎదురు చూస్తుంది. మామూలు మెసేజి అయితే తర్వాతైనా అందుతుంది. ఓటీపీకి ఉండే ఆయుష్షు కొన్ని నిమిషాలే కాబట్టి అది ఆలస్యంగా వస్తే పనికిరాదు.

అందుకే బయలుదేరే ముందే, ఊళ్లో ఉండగానే, కస్టమర్ కేర్‌కు ఫోన్ చేసి అంతర్జాతీయ రోమింగ్ సౌకర్యం తెరిపించుకోవాలి. ప్యాకు లేకుండా దాన్ని ఇస్తారా, ఇస్తే వచ్చే మెసేజీలకు డబ్బు పడుతుందా అని అప్పుడే అడగాలి. వచ్చే మెసేజీలు సాధారణంగా ఉచితమే. ఖర్చంతా మిగతా వాటితోనే: ఊరి నెంబరుకు వచ్చిన కాల్ ఎత్తితే నిమిషానికి ఇంత, మనం పంపే మెసేజికి ఇంత, డేటా తెరిచి ఉంచితే ఇక చెప్పనక్కర్లేదు. రెండు సిమ్ముల ఫోను కావాలి. ఒక గదిలో కువైట్ సిమ్ము, డేటాకూ మాటలకూ అదే. రెండో గదిలో ఊరి సిమ్ము, దానికి డేటా రోమింగ్ ఆపేసి, కాల్ వస్తే ఎత్తకుండా ఉండటం. ఇంటివాళ్లతో మాట్లాడుకోవడానికి వాట్సాప్, ఇమో ఉండనే ఉన్నాయి.

ఇంత చేసినా సిమ్ము బతికుండాలి కదా. ప్లాను గడువు దాటితే మొదట మన నుంచి పోయేవి ఆగిపోతాయి, తర్వాత మనకు వచ్చేవీ ఆగిపోతాయి. మూసేసిన నెంబరును 90 రోజుల దాకా ఇంకొకరికి ఇవ్వరని 2023లో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ సుప్రీంకోర్టుకు చెప్పింది. ఆ తర్వాత ఇవ్వొచ్చన్నమాట. రెండేళ్ల ఒప్పందం మీద పోయిన మనిషి తిరిగొచ్చేసరికి తన బ్యాంకు మెసేజీలు ఏ ఊళ్లోనో ముక్కూమొహం తెలియని వాళ్ల ఫోనులో మోగుతుంటే ఎవరితో చెప్పుకోవాలి? చాలాకాలం ఈ సిమ్ములకు కూడా డేటా ప్లాను కొని వేయాల్సి వచ్చేది. వాడని ఇంటర్‌నెట్‌కు డబ్బు పోయేది. 2024 డిసెంబరులో ట్రాయ్ నిబంధన మార్చి, మాటలకూ మెసేజీలకూ మాత్రమే పనికొచ్చే రీచార్జీలు పెట్టాలని, వాటి గడువు 365 రోజుల దాకా ఉండొచ్చని చెప్పింది. గల్ఫ్ ఇళ్లకు ఇది నిజంగా మేలు చేసిన మార్పు. అంగడివాడు చెప్పకపోయినా అడిగి వేయించుకోవాలి.

యూపీఐ సంగతి ఇంకాస్త జాగ్రత్తగా చూడాలి. ఫోన్‌పే అయినా గూగుల్‌పే అయినా కొత్త ఫోనులో తెరిచినప్పుడు, మన సిమ్ము నుంచి ఒక మెసేజి తనంతట తాను బయటికి పోతుంది. ఆ సిమ్ము ఈ ఫోనులోనే ఉందని తేల్చుకునే పద్ధతి అది. కువైట్ నుంచి ఆ మెసేజి పోవాలంటే డబ్బులు పడతాయి, ఒక్కోసారి అసలు పోదు. కొత్త ఫోను కొనాలనుకుంటే ఇక్కడే కొని, యాప్‌లు ఇక్కడే తెరిచి, ఒక రూపాయి పంపి చూసుకుని పోవాలి. అక్కడికి పోయాక యాప్ తీసేసి మళ్లీ వేసుకుందామనే ఆలోచన మానుకోవాలి. విదేశీ నెంబర్లతోనే యూపీఐ వాడుకునే వీలు 2023 జనవరిలో యూపీఐని నడిపే సంస్థ ఎన్‌పీసీఐ ఎన్‌ఆర్‌ఐ ఖాతాలకు ఇచ్చినప్పుడు పది దేశాలను పేర్కొంది. సౌదీ, ఎమిరేట్స్, ఖతార్, ఒమాన్ ఉన్నాయి. కువైట్ లేదు. కడప జిల్లా నుంచి తరతరాలుగా జనం పోతున్న దేశమే ఆ పట్టీలో కనపడకపోవడం అప్పుడు నన్ను చాలా బాధించింది. మన జిల్లా ప్రతినిధులు ఢిల్లీలో గట్టిగా అడగాల్సిన విషయం అది.

ఇళ్లలో పనిచేసే ఆడవాళ్ల కష్టం వేరు. ఫోను రాత్రి పనయ్యాకే చేతికొచ్చే ఇళ్లున్నాయి. కువైట్ గడియారం మనకన్నా రెండున్నర గంటలు వెనక. అక్కడ రాత్రి తొమ్మిదిన్నరకు ఆమె మంచం మీద కూర్చుంటే ఇక్కడ అర్ధరాత్రి. అందుకే సిమ్ము ఇంట్లో పెట్టి, ఓటీపీ వస్తే ఇమోలో చదివి వినిపించే ఏర్పాటు సులువుగా తోస్తుంది. నన్ను అన్నిటికన్నా భయపెట్టేది అదే. ఫోనులో ఒక గొంతు అడగ్గానే అంకెలు చదివే అలవాటు ఇంట్లో స్థిరపడిందంటే, రేపు బ్యాంకు నుంచి మాట్లాడుతున్నానని చెప్పే దొంగ గొంతుకూ ఆ ఇంటి పిల్లోడు అంతే సులువుగా చదువుతాడు. ఎవరు అడిగినా ఓటీపీ చెప్పొద్దని ఒక పక్క చెబుతూ, మనవాళ్లకైతే చెప్పొచ్చని ఇంకో పక్క నేర్పితే వాడికి ఏది గుర్తుంటుంది? ఇంటి ఖర్చుకు కావాల్సిన డబ్బు నెలకోసారి భర్త ఖాతాకో అమ్మ ఖాతాకో ఆమే తన చేత్తో పంపాలి. అప్పుడు ఆమె ఓటీపీతో ఇక్కడ ఎవరికీ పనుండదు.

ఊరి సిమ్ము వెంట ఉండాలనడానికి ఇంకో కారణమూ ఉంది. 1990 ఆగస్టు 2న ఇరాక్ సైన్యం కువైట్‌లో దిగినప్పుడు, తమవాళ్లు ఎక్కడున్నారో తెలియక ఎన్నో ఇళ్లు రోజుల తరబడి అల్లాడాయి. లక్షకు పైగా భారతీయులు జోర్డాన్‌లోని అమ్మాన్ మీదుగా విమానాల్లో ఇల్లు చేరారు. చాలామంది కట్టుబట్టలతో వచ్చారు. అటువంటి రోజు మళ్లీ రాకూడదు. వస్తే మాత్రం, కువైట్ సిమ్ము ఆ దేశంతోనే పోతుంది. ఊరి సిమ్ము ఒంటి మీద ఉంటే ఏ దేశంలో దిగినా బ్యాంకు, ఆధార్, ఇంటి నెంబర్లు వెంటే ఉంటాయి.

మెసేజి మీదే అంతా వేలాడే రోజులు మెల్లగా మారుతున్నాయి. ఓటీపీ మెసేజి ఒక్కటే కాకుండా వేరే పద్ధతులకూ చోటిచ్చే రిజర్వు బ్యాంకు ఆదేశాలు 2025 సెప్టెంబరులో వచ్చాయి. వాటి అమలు తేదీ 2026 ఏప్రిల్ 1. అయినా ఆధార్‌లో నెంబరు మార్చడం కువైట్‌లో ఉన్నామెకు సులువు కాదు. అందుకని వదినతో నేను చివరగా చేయించిన పని ఇది: బ్యాంకుకు పోయి ఈమెయిల్ నమోదు చేయించడం, ఎన్‌ఆర్‌ఐ ఖాతాగా మార్చుకుంటే కువైట్ నెంబరుకు కూడా ఓటీపీ పంపుతారా అని అడగడం. 1800తో మొదలయ్యే ఉచిత నెంబర్లు బయటి దేశాల నుంచి సాధారణంగా కలవవు. విదేశాల నుంచి చేయడానికి బ్యాంకు వారు +91తో మొదలయ్యే నెంబరు వేరుగా ఇస్తారు. దాన్ని కౌంటర్లో అడిగి తీసుకుని, ఫోనులోనే కాకుండా పాస్‌పోర్టు కవరులో పెట్టుకునే కాగితం మీద కూడా రాసుకున్నాం.