పిల్ల కాలికి తగ్గ గేరు

పిల్లలకు సైకిల్ కొనేటప్పుడు రంగు చూస్తాం, బుట్ట చూస్తాం, బెల్లు మోగించి చూస్తాం. కాస్త తెలిసినవాళ్లు సీటు ఎత్తు, బ్రేకులు కూడా చూస్తారు. వెనక చక్రానికున్న ఫ్రీవీల్‌కి ఎన్ని పళ్లున్నాయో లెక్కపెట్టేవాళ్లు మాత్రం అరుదు. ఆ సైకిల్‌ని పిల్ల రోజూ తీస్తుందా, నాలుగు రోజులకే మెట్ల కింద పడేస్తుందా అన్నది చాలావరకు ఆ పళ్ల మీదే ఆధారపడి ఉంటుంది.

మాది విశాఖపట్నం. సముద్రం ఎంత దగ్గరో కొండలూ అంతే దగ్గర. బీచ్ రోడ్డు మీద ఏ సైకిలైనా హాయిగా పోతుంది. అక్కణ్ణుంచి చినవాల్తేరు వైపు మళ్లితే మెరక మొదలు. ఎనిమిదేళ్ల మా అమ్మాయి అక్కడ సీటు మీంచి లేచి నిలబడి తొక్కేది. కొంతదూరం పోయాక ఇక లాభం లేక దిగి నెట్టుకొచ్చేది. దారిన పోయేవాళ్లు “గట్టిగా తొక్కు పాపా” అని ఉత్సాహపరిచేవారు. పాప గట్టిగానే తొక్కుతోంది. లోపం సైకిల్ పళ్ల లెక్కలో ఉంది.

ఆ లెక్క చూడండి. ముందు చైన్‌వీల్‌కి 36 పళ్లు, వెనక ఫ్రీవీల్‌కి 18. పెడల్ ఒక చుట్టు తిరిగితే వెనక చక్రం రెండు చుట్లు తిరుగుతుంది. 20 అంగుళాల చక్రం ఒక చుట్టుకి సుమారు 1.55 మీటర్లు పోతుంది కాబట్టి, ఒక పెడల్ చుట్టుకి బండి 3.1 మీటర్లు కదలాలి. అదే పెద్దవాళ్ల 21 గేర్ల సైకిల్ తీసుకోండి. 26 అంగుళాల చక్రం, ముందు చిన్నది 24 పళ్లు, వెనక పెద్దది 28 పళ్లు ఉంటే, అన్నిటికన్నా తేలిక గేరులో ఒక చుట్టుకి 1.8 మీటర్లు కూడా పోదు. అంటే ఎదిగిన మనిషికి ఇచ్చిన వెసులుబాటు పసిపిల్లకు ఇవ్వలేదన్నమాట. పైగా పాతిక కిలోల పిల్ల పన్నెండు, పదమూడు కిలోల ఇనప సైకిల్‌ని లాగుతోంది. తన బరువులో సగం! డెబ్బై కిలోల మనిషికి ముప్పై అయిదు కిలోల సైకిలిచ్చి కొండెక్కమంటే ఎక్కుతాడా?

గేరు కొత్తగా బలాన్ని పుట్టించదు. పెద్ద అప్పును నెలనెలా వాయిదాల్లో తీర్చినట్టు, అదే ఎత్తును ఎక్కువ చుట్లలో, ఒక్కో చుట్టుకి తక్కువ బలంతో ఎక్కనిస్తుంది. అయినా గేరు వాడటం చేతకానితనమనే భావన ఒకప్పుడు సైకిల్ ప్రపంచంలోనే బలంగా ఉండేది. 1903లో మొదలైన టూర్ డి ఫ్రాన్స్ పందెంలో పోటీదారులకు డిరైలర్ గేర్లు, అంటే చైన్‌ని ఒక పళ్ల చక్రం మీంచి ఇంకోదాని మీదికి జరిపే గేర్లు, వాడే అనుమతి 1937లో గాని రాలేదు. అంతకుముందు కొండ దారి వస్తే దిగి, వెనక చక్రం ఊడదీసి, రెండో వైపున్న పెద్ద పళ్ల చక్రం మీదికి చైన్ వేసుకుని ఎక్కేవారు. పందెం వీరులకే తప్పని అవసరం పిల్లలకు ఉండదా?

మా సైకిల్‌కి ముందుగా చేసింది చిన్న పనే. 18 పళ్ల ఫ్రీవీల్ తీసి 22 పళ్లది వేయడం. ఒక పెడల్ చుట్టుకి పోయే దూరం 3.1 నుంచి 2.5 మీటర్ల దగ్గరికి దిగింది. కాలు పెట్టాల్సిన బలం దాదాపు అయిదో వంతు తగ్గింది.

పని చిన్నదే గాని ఫ్రీవీల్ అంత తేలిగ్గా ఊడిరాదు. తొక్కిన ప్రతిసారీ అది ఇంకాస్త బిగుసుకుంటుంది మరి. మా వీధి చివర సైకిల్ మేస్త్రి ఊడదీసే పనిముట్టును వైస్‌లో బిగించి, చక్రాన్ని దాని మీద బోర్లించి, టైరును రెండు చేతులా బస్సు స్టీరింగ్‌లా పట్టుకుని తిప్పాడు. ఒక్క చప్పుడుతో పట్టు వదిలింది. పాత గ్రీజు గుడ్డతో తుడిచి, మరలకు కొత్త గ్రీజు రాశాడు. కొత్త ఫ్రీవీల్‌ని పానా ముట్టుకోకుండా ముందు చేత్తోనే ఎక్కించాడు. “మర అడ్డంగా పడిందంటే హబ్బు పోతుంది బాబూ” అన్నాడు. వెనక పళ్లు పెరిగాయి కాబట్టి చైన్‌కి రెండు లింకులు కలిపాడు. ఇరుసు వెనక్కి జరిపి, చైన్ మధ్యలో వేలితో నొక్కితే ఒక సెంటీమీటరు కదిలేలా చూసి నట్లు బిగించాడు.

ఒక్క ఫ్రీవీల్ చాలదు, గేర్లే కావాలనుకుంటే ముందుగా ఫ్రేము చూడాలి. ఒకే గేరున్న పిల్లల సైకిళ్లలో వెనక ఇరుసు పట్టే సందు తరచు 110 మిల్లీమీటర్లే ఉంటుంది. ఏడు గేర్ల ఫ్రీవీల్ పట్టాలంటే 126 గాని అంతకు మించి గాని ఉండాలి. ఇనప ఫ్రేమును అనుభవమున్న మేస్త్రి జాగ్రత్తగా వెడల్పు చేయగలడు. అల్యూమినియాన్ని అలా వంచకూడదు. చైన్ కూడా సన్నది వేయాలి. చిన్న చక్రం కాబట్టి డిరైలర్ నేలకు దగ్గరగా వేలాడుతుంది. సైకిల్ పక్కకు పడితే వంగేది ముందు అదే. వంగినదాన్ని అలాగే వాడితే చైన్ ఊచల్లోకి దూరి చక్రం పట్టేయవచ్చు. డిరైలర్ హద్దు దాటకుండా ఆపే స్క్రూని సరిచూడకుండా పిల్లకు బండి ఇవ్వకూడదు. ఇన్ని చేయించే ఖర్చుకి గేర్లున్న పిల్లల సైకిలే కొనడం మేలు కావచ్చు.

అలా కొనేటప్పుడు గేర్లు ఎన్నని కాదు, వెనక అన్నిటికన్నా పెద్ద చక్రానికి పళ్లు ఎన్నని అడగండి. ముందు 36, వెనక 28 అయితే ఒక పెడల్ చుట్టుకి రెండు మీటర్లు. వెనక 34 ఉంటే మీటరున్నర దాటి కాస్తంతే. గేరు మార్చే మీట పిల్ల తన చేత్తో తిప్పగలుగుతోందా అని షాపులోనే చూడాలి. పెద్దల చేతికి మెత్తగా తిరిగే గ్రిప్ పసిచేతికి కదలకపోవచ్చు. మెరక రాకముందే గేరు మార్చాలనీ, మార్చేటప్పుడు కాలి బలం తగ్గించి తొక్కుతూ ఉండాలనీ మొదటి రోజే నేర్పాలి. పిల్లలు ఇవి మనకన్నా త్వరగా పట్టుకుంటారు.

చేతకావడం లేదని తనను తానే అనుకునే పిల్లకు నాలుగు పళ్లు ఎక్కువున్న ఇనప చక్రం ఎంత ధైర్యమిస్తుందో నేను కళ్లారా చూశాను. అందుకే పట్టుబట్టి చెబుతున్నాను. పిల్లల సైకిల్ మీద చక్రం సైజు రాస్తారు, ఏ వయసుకో రాస్తారు. ఒక పెడల్ చుట్టుకి ఎన్ని మీటర్లు పోతుందో కూడా రాయాలి. రాసేదాకా షాపులో మనమే కూర్చుని పళ్లు లెక్కపెడదాం. ముందు పళ్లను వెనక పళ్లతో భాగించడానికి అయిదో తరగతి లెక్కలు చాలు. మెరకలున్న ఊళ్లో ఒకే గేరున్న సైకిల్‌కి ఆ భాగఫలం రెండు గాని అంతకు మించి గాని ఉంటే, ఇంకో సైకిల్ చూపించమని అడుగుదాం.