బొచ్చు కాళ్ళు, రేగడి నేల

జహీరాబాద్ చుట్టుపక్కల కొచ్చిన్ కోళ్ళు పెంచాలనుకునేవాళ్ళు ముందు వాకిలి చూసుకోవాలి. కోడి బేరం తర్వాత. మాది నల్లరేగడి. ఎండాకాలం నెర్రెలు విచ్చి చెయ్యి దూరేంత సందిస్తుంది. మిరుగు వాన ఒక్కటి గట్టిగా పడిందంటే చెప్పును తనదగ్గరే ఉంచుకుని కాలును మాత్రం వదులుతుంది. అలాంటి నేల మీద, పిక్క నుంచి నడిమి వేలి కొసదాకా ఈకలు వేలాడే కోడిని వదిలితే పొద్దుగూకేసరికి వేలివేలికీ మట్టి గోళీ కట్టుకుని వస్తుంది. ఎండితే రాయే. గుంజితే ఈక కుదురుతో సహా ఊడి నెత్తురు కారుతుంది. గోరువెచ్చని నీళ్ళ బకెట్లో కాళ్ళు నానబెట్టి, వేళ్ళతో నలుపుతూ మెల్లగా కరిగించాలి. వానాకాలం సాయంత్రాలు నాకు ఈ పనితోనే గడిచిపోతాయి. ఇంట్లోవాళ్ళు మొదట్లో నవ్వేవాళ్ళు. ఇప్పుడు బకెట్ దాచేస్తున్నారు.

పేరు విని కేరళ కోడి అనుకునేవాళ్ళే ఎక్కువ. కొచ్చితో వీటికి చుట్టరికం లేదు. ఇవి చైనా కోళ్ళు, షాంఘై రేవులో ఓడలెక్కినవి. 1840లలో విక్టోరియా రాణి కోళ్ళ గూటికి తూర్పు దేశపు కోళ్ళు చేరాక ఇంగ్లండ్ దొరలకు వీటి మీద మోజు పుట్టింది. 1849లో బోస్టన్‌లో జరిగిన కోళ్ళ ప్రదర్శనతో ఆ మోజు అమెరికాలో వెర్రిగా ముదిరింది. జార్జ్ బర్న్‌హామ్ అనే వ్యాపారి ఆ వెర్రిలోనే కోళ్ళమ్మి బాగుపడి, 1855లో దాన్నే వెక్కిరిస్తూ ‘కోళ్ళ జ్వరం చరిత్ర’ అని పుస్తకం రాశాడు. అమ్మినవాడే కొన్నవాళ్ళను చూసి నవ్వాడన్నమాట. మన దగ్గర ఈము పక్షుల పెంపకం ఎలా లేచి ఎలా కూలిందో చూసినవాళ్ళకు ఆ కథ కొత్తగా అనిపించదు. గుడ్డు కొనేదీ, పిల్లను కొనేదీ ఇంకో పెంపకందారే అయినప్పుడు ఏదో ఒకరోజు కొనేవాళ్ళు అయిపోతారు. అందుకే హైదరాబాద్ ముర్గీ చౌక్‌లో ధర విని, ఫోన్లో వీడియో చూసి, కొచ్చిన్ల మీద లాభం లెక్కలు వేసుకొచ్చే కుర్రాళ్ళను నేను ఎగదోయను. ముచ్చటకైతే పెంచుకో తమ్మీ, అప్పు తెచ్చి మాత్రం వద్దు అంటాను.

ఆ ముచ్చటంతా కాలిలోనే ఉంది. మామూలు కోడి కాలికి పొలుసులే ఉంటాయి. కొచ్చిన్‌కు ఆ పొలుసుల సందుల్లోంచి, ఎక్కువగా బయటి వైపున, ఈకలు మొలుస్తాయి. పట్టి చూస్తే పొట్ట మీది మెత్తటి ఈక కాదది, రెక్క ఈకకున్నట్టు గట్టి కాడ ఉంటుంది. కారణం ఈమధ్యే తేలింది. పిండంలో రెక్కను రెక్కగా తీర్చే జన్యువు ఒకటుంది, టీబీఎక్స్5 అని. కాలును కాలుగా తీర్చేది పిట్ఎక్స్1. ఈకల కాళ్ళ పావురాల్లో కాలి జన్యువు జోరు తగ్గి, రెక్క జన్యువు కాలిలోకి వచ్చి పనిచేస్తోందని అమెరికాలోని యూటా విశ్వవిద్యాలయం వాళ్ళు 2016లో చూపించారు. తర్వాత కోళ్ళను వెతికితే తేడా ఆ రెండు జన్యువుల దగ్గరే దొరికింది. ఈకల కాళ్ళ పావురాలకు బయటి వేళ్ళ మధ్య చర్మం కూడా ఉంటుందని డార్విన్ 1859లోనే రాసిపెట్టాడు. ఎందుకుంటుందో చెప్పే జన్యుశాస్త్రం ఆయన కాలానికి ఇంకా పుట్టలేదు. మొత్తానికి మా వాకిట్లో తిరిగేది సగం రెక్కయిన కాలు. అంత రెక్కపెట్టుకుని కూడా కొచ్చిన్ మొలెత్తు దడి దాటలేదు!

అందుకే దీని పెంపకంలో పనంతా నేల మీదే. వాకిట్లో మొరం పోయించి దిమ్మిస కొట్టించాలి, పైన ఇసుక పరవాలి. రేకుల మీంచి కారే నీళ్ళు దడి అవతల పడేటట్టు చూడాలి. గూట్లో ఊకో పల్లి పొట్టో పరిచి, తడిసినచోట ఎప్పటికప్పుడు ఎత్తిపోయాలి. పుంజు ఐదు కిలోల దాకా తూగుతుంది కనుక అది కూర్చునే కర్ర ఎత్తులో కట్టకూడదు. పైనుంచి దూకి దూకి అరికాలు వాచి చీము పడుతుంది. తడి కాళ్ళతో గూట్లోకొస్తే గుడ్లు మురికవుతాయి. కడిగితే గుడ్డు మీది సన్నటి పొర పోయి లోపలికి రోగం దారి చేసుకుంటుంది. కడగకపోతే ఆ మురికే పొదుగును చెడగొడుతుంది. వాన బురద నష్టం మూడు వారాల తర్వాత పిల్లల్లో లెక్క తేలుతుంది. వీటన్నిటికంటే నన్ను సతాయించేది కాళ్ళ గజ్జి. పొలుసుల కిందికి దూరి బతికే, కంటికి ఆనని పురుగు వల్ల వస్తుంది. నాటుకోడికైతే పొలుసు పైకి లేచి దూరం నుంచే తెలుస్తుంది. కొచ్చిన్‌కు ఈకలు పాయలు తీసి చూస్తేనే తెలుస్తుంది. అందుకే తీరిక దొరికినప్పుడల్లా పుంజును ఒళ్ళో వేసుకుని కాళ్ళు చూస్తాను, అనుమానముంటే వేపనూనె పట్టిస్తాను. ఇవి పోట్లాడే జాతి కాదు. ఎంతసేపు తిప్పి చూసినా ఊరుకుంటాయి.

ఎండాకాలం ఇంకో తంటా. కోడికి చెమట పట్టదు. నోరు తెరిచి రొప్పడం, తురాయి, ఈకల్లేని కాళ్ళు, ఒంట్లో వేడి బయటికి పోవడానికి ఉన్న దారులివి. కొచ్చిన్‌కు కాళ్ళ దారి సగం మూసుకుపోయింది. వేడి దేశాలకు పనికొస్తాయని మెడ మీద ఈకల్లేని కోళ్ళను శాస్త్రవేత్తలు వెతికి మరీ ఎంచుకుంటుంటే, మేం ఏరికోరి కాళ్ళకు కూడా ఈకలున్నవాటిని తెచ్చుకున్నాం. ఏప్రిల్, మే నెలల్లో చింతచెట్టు నీడ, తడి గోనెసంచులు, మట్టి గురిగిలో నీళ్ళు తప్పవు. మేత తెల్లారగట్ల ఒకసారి, ఎండ దిగాక ఒకసారి. పట్టపగలు తిన్నది అరగడానికి ఒళ్ళు ఇంకా వేడెక్కుతుంది.

మా పక్కింటి అవ్వ వీటిని మొదటిసారి చూసినప్పుడు, “గిదేం కోడి కొడుకా, పైజామ తొడుక్కున్నది?” అంది. ఆమె నాటుపెట్టలు పెంట మీద కెలుక్కుంటూ, కళ్ళంలో రాలిన జొన్నలు ఏరుకుంటూ తిరిగి, చీకటి పడేవేళకు గంప కిందికి వాటంతటవే వస్తాయి. రేగడి వాటి కాళ్ళకు అంటినా ఆరి రాలిపోతుంది. పిల్లి, ముంగిస కాకుండా వాటికి భయం కొక్కెర రోగమే. నేను పిల్లలకు మొదటి వారంలో కంట్లో ఆ రోగానికి లసోటా టీకా చుక్క వేసేరోజు పిలిస్తే ఆమె కూడా తన పిల్లలను తట్టలో ఎత్తుకొస్తుంది. ఒక్క మందు సీసాకు రెండిళ్ళ కోళ్ళు.

కొచ్చిన్ పెట్ట పొదుగుకు కూర్చోవడంలో మహా పట్టుదల గలది, లేపినా లేవదు. కానీ బరువుకు గుడ్లు చితుకుతాయి. లేచినప్పుడు కాలి ఈకలకు చిక్కుకుని పిల్లో గుడ్డో గూటి బయటికి ఈడ్చుకొస్తుంది. కాబట్టి నా గుడ్లు అవ్వ నాటుపెట్ట కింద పెడుతున్నాం, పాలుకు. పిల్లల్లో సగం ఆమెవి. నా కొచ్చిన్ పుంజును ఆమె నాటుపెట్టలకు జతచేస్తే పుట్టిన పిల్లలకు ఈకలు ఉండీ లేనట్టు, కాలి పక్కన పలచగా వచ్చాయి. గుడ్డు పగిలిననాడే కాళ్ళ మీది నూగు చూసి ఆ సంగతి చెప్పొచ్చు. అవ్వకు నచ్చినవి అవే.

బజారుకు నచ్చేవి వేరు. ఫోన్ చేసేవాళ్ళ మొదటి మాట, “కాళ్ళు చూపియ్ అన్నా.” తెల్ల టైల్స్ మీద నిలబెట్టి, ఈకలు రెండు పక్కలా పరుచుకునేటట్టు ఫొటో తీస్తే ధర పెరుగుతుంది. ఈ చూపు కొత్తది కాదు. ఏ జాతి కోడి ఎలా ఉండాలో ఇంగ్లండ్‌లో 1865లో, అమెరికాలో 1874లో నిబంధనలు అచ్చువేశారు. వాటి ప్రకారం జరిగే కోళ్ళ ప్రదర్శనల్లో ఈకలకు మార్కులు పడుతూ వచ్చాయి. దొరల దేశానికి వచ్చిన కొత్తలో చలికాలంలో కూడా గుడ్లు పెడుతుందని పేరుపడ్డ కోడి, కొన్ని దశాబ్దాలు ఈకల కోసమే ఎంచి ఎంచి జతకట్టించేసరికి గుడ్లలో వెనకబడింది. ఇప్పుడు మన వాళ్ళు అదే దారిలో ఇంకా పొడుగు ఈకల కోసం వెంపర్లాడుతున్నారు. నా మటుకు నాకిది తప్పనిపిస్తుంది.

మాకు దగ్గరలోని పస్తాపూర్‌లో 1983 నుంచి పనిచేస్తున్న డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల ఆడవాళ్ళు విత్తనానికి కంకిని ఎంచేది కోతకు ముందు, నిలిచిన చేలోనే. కళ్ళంలో కుప్ప పోసి పెద్దది ఏరుకోరు. ఏ చెక్కలో ఏ వానకు ఎలా నిలిచిందో చూస్తారు. 2019లో ఐక్యరాజ్యసమితి ఈక్వేటర్ బహుమతి వచ్చింది వాళ్ళకే. నేను పుంజును అలాగే ఎంచుతాను, ఆగస్టులో, బురదలో. ఈకలు నడిమి వేలి దాకా వచ్చి నేలను ఊడ్వకుండా ఆగినదాన్ని, మోకీలు దగ్గర గట్టి ఈకలు పొడుచుకురానిదాన్ని, తడిసిన మర్నాడు కూడా ఉత్సాహంగా తిరిగేదాన్ని ఉంచుకుంటాను. జతకు ముందు పుంజుకూ పెట్టకూ తోక కింది ఈకలు కత్తిరిస్తాను. లేకపోతే ఆ గుబురుకు సగం గుడ్లు వట్టిపోతాయి. ఇలా ఎంచిన పుంజుకు బజారులో ధర తక్కువే పలుకుతుంది.

పొదుగు పెట్టేది దసరా దాటి నేల ఆరాక. దీపావళి అటూఇటూగా పిల్లలు దిగితే ఎండలు ముదిరేలోపు ఒళ్ళు నిండుతుంది. వచ్చే వానలకు కాలి ఈకలు గట్టిపడి ఉంటాయి. బడులు తెరిచే జూన్‌లో కోడిపిల్లల కోసం ఫోన్లు చేసేవాళ్ళకు లేవని చెబుతాను. అడ్వాన్స్ పంపిస్తామంటారు. తీసుకోను. దిగిన పిల్లల్లో సగం అవ్వవి, మిగతావాటిలో ఏవి అమ్మాలో ఆగస్టు దాటితే గానీ నాకే తెలియదు.